వేడి చేసిన ఇన్సినరేటర్ బూడిద నుంచి భార లోహాలు నీళ్ళలోకి దిగుతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

చెత్తను కాల్చగా మిగిలిన బూడిదను మళ్ళీ వేడి చేస్తే అందులోని సీసం, కాడ్మియం లాంటివి ఇక నీళ్ళలోకి దిగవని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ ఏ లోహం, ఎంత వేడి, ఏ పరీక్ష అని చూడకుండా ఆ మాట అనేస్తే ప్రమాదం. వేడికి లోహం నాశనం కాదు, చోటు మారుతుంది, రూపం మారుతుంది. అది ఎక్కడికి పోయింది, ఏ రూపంలో ఉంది అని అడగడమే అసలు పని. విద్యార్థులు, ప్లాంట్లలో పనిచేసేవాళ్ళు, ఆ బూడిద చుట్టుపక్కల బతికేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఇక్కడ దశలవారీగా పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు.

## బూడిద చేతికొచ్చినప్పుడు

బాటమ్ యాష్, ఫ్లై యాష్ రెండూ బూడిదేగా, తేడా ఏముంది?

చాలా ఉంది. కాల్చిన చెత్త బరువులో సుమారు 20 నుంచి 25 శాతం ఫర్నేసు అడుగున బాటమ్ యాష్‌గా మిగులుతుంది. పొగతోపాటు ఎగిరి ఫిల్టర్లలో చిక్కేది ఫ్లై యాష్. పొగలోని ఆమ్ల వాయువుల కోసం చల్లిన సున్నాన్ని కలుపుకున్నా అది 2 నుంచి 5 శాతం దాకానే ఉంటుంది. కానీ భయపడాల్సింది దాని గురించే. ఫర్నేసులో ఆవిరైన కాడ్మియం, సీసం, జింక్ క్లోరైడ్లు పొగ చల్లబడుతున్నప్పుడు సన్నటి రేణువుల పైపొర మీద పేరుకుంటాయి. పైపొర మీద ఉన్నవి కాబట్టి నీళ్ళు తగలగానే వదిలేస్తాయి. బాటమ్ యాష్‌లో లోహాలు చాలావరకు గాజు ముక్కల్లో, ఖనిజాల్లో, లోహపు తునకల్లో ఇరుక్కుని ఉంటాయి. రిపోర్టులో ఊరికే ‘బూడిద’ అని రాసి ఉంటే, ఏ బూడిదో అడగకుండా అంకెల జోలికి వెళ్ళొద్దు.

ఇంకా వేడి చేయని ఫ్లై యాష్ నుంచి ఏ లోహం ఎక్కువగా దిగుతుంది?

సున్నం వాడే ప్లాంటయితే చాలాసార్లు సీసమే. అలాంటి బూడిదను నీళ్ళలో కలిపితే పీహెచ్ 12 దాటుతుంది. సీసం, జింక్ ఆమ్లంలోనూ కరుగుతాయి, గాఢమైన క్షారంలోనూ కరుగుతాయి. పీహెచ్ 8 నుంచి 10.5 మధ్యలో మాత్రం బాగా అణిగి ఉంటాయి. కాడ్మియం తీరు వేరు. ఎక్కువ పీహెచ్‌లో అది దాదాపుగా కదలదు. పీహెచ్ తగ్గిన కొద్దీ బయటికి వస్తుంది, క్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఇంకా తొందరగా వస్తుంది. అందుకే తాజా బూడిదలో కాడ్మియం దిగలేదని చూసి నిశ్చింతగా ఉండటం పొరపాటు.

బూడిదలో మొత్తం సీసం ఎంతో తెలిస్తే సరిపోదా?

సరిపోదు. మొత్తం అంకె బూడిదలో ఏముందో చెబుతుంది. లీచింగ్ పరీక్ష అందులోంచి నీళ్ళలోకి ఏం వస్తుందో చెబుతుంది. గాజులో ఇమిడిపోయిన సీసం, క్లోరైడ్‌గా పైన అంటుకున్న సీసం మొత్తం లెక్కలో ఒకేలా కనిపిస్తాయి, నీళ్ళలో మాత్రం ఏ పోలికా ఉండదు. అలాగని మొత్తం అంకెను పక్కన పెట్టేయకూడదు. వేడిలో ఎంత లోహం ఆవిరైపోయిందో తేల్చాలంటే ముందు, తర్వాత మొత్తం లెక్క కావాల్సిందే.

వేడి చేసే ముందు నీళ్ళతో కడగడం అవసరమా?

ఫ్లై యాష్ అయితే చాలావరకు అవసరమనే నా అభిప్రాయం. సోడియం, పొటాషియం, కాల్షియం క్లోరైడ్లు నీళ్ళలో తేలిగ్గా కరుగుతాయి. అవి పోతే బూడిద బరువు కూడా బాగా తగ్గుతుంది, ఫర్నేసు లైనింగ్ తొందరగా దెబ్బతినకుండా ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన లాభం ఒకటుంది. క్లోరిన్ తగ్గితే సీసం, కాడ్మియం ఆవిరై పొగలోకి పోవడం తగ్గుతుంది. కాకపోతే ఆ కడిగిన నీళ్ళు గాఢమైన ఉప్పునీళ్ళు, వాటిలో కరిగిన సీసం కూడా ఉంటుంది. వాటిని శుద్ధి చేసే ఏర్పాటు లేకుండా కడగడం మొదలుపెడితే సమస్యను బూడిదలోంచి కాలవలోకి మార్చినట్టే అవుతుంది.

## వేడి చేసే దశలో

ఎన్ని డిగ్రీలు వేడి చేస్తే లీచింగ్ ఆగుతుంది?

ఒక్క అంకెలో జవాబు లేదు, ఎందుకంటే వేడి చేయడం అనే మాట కింద వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఆక్సిజన్ తక్కువగా ఉంచి 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేసేది డయాక్సిన్లనే విష పదార్థాలను విడగొట్టడానికి. అందులో పాదరసం ఆవిరైపోతుంది తప్ప మిగతా లోహాలు దాదాపు ఎక్కడివక్కడే ఉంటాయి. 900 డిగ్రీల పైన రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి, దాన్నే సింటరింగ్ అంటారు. 1,200 నుంచి 1,500 డిగ్రీల మధ్య బూడిద కరిగి, చల్లారాక గాజో, రాయిలాంటి స్లాగో అవుతుంది. లోహాలను బాగా బంధించేది ఈ చివరిదే. మొదటి రెండింటి నడుమ, అంటే 500 నుంచి 900 డిగ్రీల దాకా, గాలి తగులుతుంటే కొన్ని లోహాల లీచింగ్ ముందుకన్నా పెరగొచ్చు. ‘థర్మల్ ట్రీట్‌మెంట్ చేశాం’ అన్న ఒక్క వాక్యం అందుకే నాకు ఎప్పుడూ సరిపోదు.

వేడికి లోహాలు ఎక్కడికి పోతాయి?

కొంత పొగలోకి, కొంత గాజులోకి లేదా ఖనిజాల్లోకి, కొంత కరిగిన లోహంగా ఫర్నేసు అడుక్కి. ఏది ఎటు పోతుందన్నది ఎక్కువగా క్లోరిన్ మీద ఆధారపడుతుంది. సీసం లోహంగా మరిగేది 1,749 డిగ్రీల దగ్గర. అదే సీసం క్లోరైడ్ అయితే 950 డిగ్రీలకే మరుగుతుంది. జింక్ క్లోరైడ్ 732కే, కాడ్మియం క్లోరైడ్ దాదాపు 960కి మరుగుతాయి. పైగా మరిగే దాకా ఆగవు, అంతకు చాలా ముందు నుంచే ఆవిరవుతుంటాయి. క్రోమియం, నికెల్ మాత్రం దాదాపు అంతా కరిగిన ముద్దలోనే ఉండిపోతాయి. రాగి లోహపు బొట్లుగా అడుగున చేరవచ్చు, క్లోరిన్ బాగా ఉంటే కొంత ఆవిరి కూడా అవుతుంది. దీన్నే కావాలని వాడుకునే పద్ధతి ఉంది. కాల్షియం క్లోరైడో మెగ్నీషియం క్లోరైడో కలిపి వేడి చేసి, లోహాలను ఆవిరిగా తోలి, వేరే చోట పట్టుకుంటారు. లోహాన్ని బూడిదలో ఉంచాలా, బయటికి తోలాలా అన్నది ముందే తేల్చుకోవాలి. ఎటూ తేల్చుకోకపోతే సగం అక్కడ, సగం ఇక్కడ మిగులుతుంది.

వేడి చేశాక సీసం తగ్గింది కానీ క్రోమియం పెరిగింది. పరీక్షలో ఏదైనా తప్పు చేశామా?

బహుశా చేయలేదు. ఇలా అడిగేవాళ్ళు చాలామంది, ల్యాబ్ వాళ్ళను తిట్టుకుని రెండోసారి పరీక్ష చేయించి అదే అంకె చూసి టెన్షన్ పడతారు. జరిగేది ఇది. బూడిదలో క్రోమియం ఎక్కువగా మూడు వేలెన్సీ రూపంలో ఉంటుంది, అది నీళ్ళలో అంతగా కరగదు. పక్కన సున్నం ఉండి, గాలి ఆడుతూ, కొన్ని వందల డిగ్రీల వేడి తగిలితే ఆ క్రోమియం ఆక్సిజన్ తీసుకుని ఆరు వేలెన్సీకి మారి కాల్షియం క్రోమేట్ అవుతుంది. అది నీళ్ళలో కరుగుతుంది. వడకట్టిన ద్రావణాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. క్రోమేట్ బాగా ఉంటే లేత పసుపు రంగు కంటికే తెలిసిపోతుంది. ఈ ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారణ అయింది. కాబట్టి సీసం తగ్గిందన్న సంతోషంలో దీన్ని చిన్న విషయంగా కొట్టేయకూడదు.

దారులు ఉన్నాయి. సిలికా ఎక్కువున్న గాజుపొడి, మట్టి లాంటివి కలిపితే సున్నం సిలికేట్లలోకి పోతుంది, క్రోమేట్ కావడానికి చేతికి అందదు. వేడిని దాదాపు 1,000 డిగ్రీలు దాటించి కరిగేదాకా తీసుకెళ్తే క్రోమియం మళ్ళీ తక్కువ వేలెన్సీకి దిగి గాజులో, స్పినెల్ ఖనిజాల్లో ఇమిడిపోతుంది. గాలి తగ్గించినా, కొంచెం బొగ్గు కలిపినా క్రోమేట్ ఏర్పడటం తగ్గుతుంది, కానీ అప్పుడు జింక్, సీసం, కాడ్మియం లోహ రూపంలోకి మారి ఎక్కువగా ఆవిరవుతాయి. పొగ శుద్ధి దానికి సిద్ధంగా ఉందో లేదో చూసుకోవాలి. ఫర్నేసు ఇటుకలు కూడా ఒకసారి చూడండి. క్రోమియం ఉన్న రిఫ్రాక్టరీ (వేడిని తట్టుకునే) ఇటుకలు వాడితే అవి అరిగి స్లాగ్‌లో కలుస్తాయి, బూడిదలో లేని క్రోమియం కూడా రిపోర్టులో కనిపిస్తుంది.

కరిగిన బూడిదను నీళ్ళలో పోసి చల్లార్చాలా, మెల్లగా ఆరనివ్వాలా?

లీచింగ్ మాత్రమే చూస్తే నీళ్ళలో పోయడం మేలు. ఒక్కసారిగా చల్లబడితే స్ఫటికాలు ఏర్పడే వ్యవధి ఉండదు, లోహాలు గాజు అల్లికలోనే ఆగిపోతాయి. మెల్లగా చల్లార్చిన స్లాగ్ గట్టిగా, రాయిలా ఉంటుంది, నిర్మాణానికి బాగుంటుంది. అందులో లోహాలు ఏ స్ఫటికంలో చేరాయన్నదాన్ని బట్టి ఫలితం మంచిగానూ ఉండొచ్చు, చెడ్డగానూ ఉండొచ్చు. రెండు రకాలనూ విడివిడిగా పరీక్షించాలి.

బాటమ్ యాష్‌ను కూడా కరిగించాల్సిందేనా?

చాలాసార్లు అక్కర్లేదు. అందులో ఇబ్బంది పెట్టే రాగి, పూర్తిగా కాలని సేంద్రియ పదార్థంతో జతకట్టి నీళ్ళలోకి వస్తుంది. సుమారు 400 డిగ్రీల దగ్గర ఆ సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తే రాగి లీచింగ్ బాగా పడిపోతుంది. తడిపి, గాలి తగిలేలా కొన్ని వారాల నుంచి నెలల పాటు కుప్పలుగా ఉంచడం ఇంకా చవకైన పద్ధతి.

కరిగించడం అంత మంచిదైతే అందరూ ఎందుకు చేయడం లేదు?

కరెంటు బిల్లు. విద్యుత్ ఆర్క్ లేదా ప్లాస్మాతో టన్ను బూడిద కరిగించడానికి వందల యూనిట్లు కావాలి, ఒక్కోసారి 1,000 యూనిట్లు కూడా దాటుతుంది. జపాన్‌లో 1999లో డయాక్సిన్ల చట్టం వచ్చిన కాలంలో ఇలాంటి ఫర్నేసులు చాలా కట్టారు. ఖర్చు, మరమ్మతులు, విద్యుత్ భారం మోయలేక తర్వాత వాటిలో చాలావాటిని ఆపేశారు. సాంకేతికంగా పనిచేయకపోవడం వల్ల కాదు, రోజూ నడపడం కష్టమవడం వల్ల.

## పరీక్ష చేయించే దశలో

లీచింగ్ పరీక్షల్లో టీసీఎల్‌పీ చేయించాలా, ఈఎన్ 12457 చేయించాలా?

మీకు వర్తించే నిబంధన ఏది అడిగితే అది తప్పదు. కానీ రెండూ అడిగే ప్రశ్న ఒకటి కాదు. అమెరికా వాళ్ళ టీసీఎల్‌పీ, ఇంటి చెత్తతో కలిసి ల్యాండ్‌ఫిల్‌లో (చెత్త పూడ్చే చోట) పడితే ఏమవుతుందని అడుగుతుంది. అందుకే అసిటిక్ ఆమ్లం వాడతారు, ఘనానికి 20 రెట్ల ద్రావణంతో సుమారు 18 గంటలు తిప్పుతారు. సీసానికి హద్దు లీటరుకు 5 మి.గ్రా., కాడ్మియానికి 1 మి.గ్రా. యూరప్ వాళ్ళ ఈఎన్ 12457-2లో ఉత్త నీళ్ళు, 10 రెట్లు, 24 గంటలు. అక్కడ పీహెచ్‌ను బూడిదే నిర్ణయిస్తుంది. బూడిదను విడిగా పూడ్చేట్టయితే నీళ్ళ పరీక్షే వాస్తవానికి దగ్గర. చేతిలో డబ్బు, సమయం ఉంటే పీహెచ్‌ను 2 నుంచి 13 దాకా మార్చి చేసే పరీక్ష చేయించండి. ఒక్క అంకె బదులు మొత్తం గీత కనిపిస్తుంది, పదేళ్ళ తర్వాత పీహెచ్ పడిపోతే ఏమవుతుందో కూడా అంచనా వేయొచ్చు.

వేడి చేయని బూడిద టీసీఎల్‌పీలో పాసయింది, వేడి చేసింది ఫెయిలైంది. ఇదెలా సాధ్యం?

సాధ్యమే, ఇక్కడ చాలామంది పొరబడతారు. టీసీఎల్‌పీ ద్రావణంలో ఉన్న ఆమ్లం పరిమితం. లెక్క వేస్తే గ్రాము బూడిదకు సుమారు 2 మిల్లీఈక్వివలెంట్లే (ఆమ్లం ఎంతుందో కొలిచే యూనిట్) వస్తుంది. సున్నం దండిగా ఉన్న బూడిద దాన్ని మొత్తం మింగేస్తుంది, పరీక్ష ముగిసేసరికి పీహెచ్ 9, 10 దగ్గర నిలబడుతుంది. సరిగ్గా సీసం అణిగి ఉండే చోటు అదే. వేడి చేశాక సున్నం సిలికేట్లలో కలిసిపోతుంది, ఆమ్లాన్ని అడ్డుకునే బలం తగ్గుతుంది, పీహెచ్ 5 దాకా దిగొచ్చు. అప్పుడు సీసం బయటికి వస్తుంది. మొదటి బూడిద పాసవడానికి కారణం సున్నం, భద్రత కాదు. ఏళ్ళ తరబడి వాన కురిసి ఆ సున్నం కరిగిపోతే అదీ ఫెయిలే. పరీక్ష చివర పీహెచ్ ఎంతో రాయని రిపోర్టును వెనక్కి పంపండి.

నమూనాను పొడి చేయాలా, ముక్కగానే ఇవ్వాలా?

వాడకం బట్టి. పొడి చేస్తే ఉపరితలం పెరుగుతుంది కాబట్టి ఎక్కువగా దిగుతుంది. టీసీఎల్‌పీకి 9.5 మి.మీ. లోపు, ఈఎన్ 12457-2కి 4 మి.మీ. లోపు ఉండాలి. దిమ్మెగానే వాడబోతుంటే ట్యాంకులో ముంచి, నీళ్ళు మారుస్తూ సుమారు రెండు నెలలు చేసే పరీక్ష ఉంది. దిమ్మె పరీక్ష ఫలితం చూపించి తర్వాత కంకరగా కొట్టి వాడటం మాత్రం మోసమే.

ల్యాబ్‌లో అంకెలు ఎక్కడ చెడిపోతుంటాయి?

ఎక్కువగా క్లోరైడ్ దగ్గర. ఫ్లై యాష్ ద్రావణం ఉప్పుతో నిండి ఉంటుంది. లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో ఆ క్లోరిన్ ఆర్సెనిక్, వనేడియం, క్రోమియం బరువులున్న అయాన్లను తయారుచేసి, లేని లోహాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. ద్రావణాన్ని పలుచన చేయడం, యంత్రంలో అలాంటి అయాన్లను అడ్డుకునే కొలిజన్ సెల్ వాడటం అవసరం. రెండోది, ఆరు వేలెన్సీ క్రోమియం కోసం తీసిన భాగానికి ఆమ్లం కలపకూడదు, కలిపితే అది మూడు వేలెన్సీకి మారిపోవచ్చు. మిగతా లోహాల కోసం తీసిన భాగానికి మాత్రం వడకట్టిన వెంటనే నైట్రిక్ ఆమ్లం కలపాలి. రెండు సీసాలు, రెండు లేబుళ్ళు. మూడోది, గాజుగా మారిన బూడిదలో మొత్తం లోహం కొలవడానికి ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) చాలదు, సిలికేట్ కరగదు కాబట్టి అంకె తక్కువొస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ ఫ్యూజన్ (లవణంతో కలిపి కరిగించడం) గానీ కావాలి, హైడ్రోఫ్లోరిక్‌ను శిక్షణ లేనివాళ్ళు ముట్టుకోనే కూడదు.

## ఫలితం చదివేటప్పుడు

ఒక రిపోర్టులో లీటరుకు, ఇంకోదాంట్లో కిలోకు ఇచ్చారు. ఎలా పోల్చాలి?

లీటరుకు వచ్చిన అంకెను, కిలో ఘనానికి వాడిన లీటర్లతో గుణించండి. 10 రెట్ల పరీక్షలో లీటరుకు 0.5 మి.గ్రా. అంటే కిలోకు 5 మి.గ్రా. యూరప్ ల్యాండ్‌ఫిల్ హద్దుల్లో సీసానికి కిలోకు 0.5 మి.గ్రా. దాటితే జడ వ్యర్థం (పెద్దగా మార్పు చెందని, హాని తక్కువున్న వ్యర్థం) కాదు, 10 దాటితే ప్రమాదకరం కాని వ్యర్థాల ల్యాండ్‌ఫిల్‌కు పనికిరాదు, 50 దాటితే ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్ కూడా నేరుగా తీసుకోదు. యూనిట్ మార్చినంత మాత్రాన ఆమ్లంతో చేసిన అంకెనూ నీళ్ళతో చేసిన అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

‘సీసం లీచింగ్ 95 శాతం తగ్గింది’ అని రాశారు. నమ్మొచ్చా?

మూడు ప్రశ్నలకు జవాబుంటే నమ్మొచ్చు. సీసం బంధించబడిందా, పొగలోకి పోయిందా? గాజుపొడీ మట్టీ కలిపి బూడిదను పలుచన చేశారా? పీహెచ్ 12.5 నుంచి 10కి దిగడం వల్ల మాత్రమే తగ్గిందా? బరువు లెక్క కూడా చూడాలి. వేడికి బూడిద బరువులో పావు వంతు పోయిందనుకోండి. వేడి చేసిన దాని కిలోకు 8 మి.గ్రా. దిగితే, అసలు బూడిద కిలోకు లెక్కిస్తే అది 6 మి.గ్రా. కలిపిన పదార్థాలుంటే లెక్క ఎదురు దిశలో మారుతుంది. నిజాయితీగా రాసిన రిపోర్టు అసలు బూడిద లెక్కనే ముందు పెడుతుంది.

సీసం, కాడ్మియం, జింక్ అన్నీ బాగున్నాయి. ఆంటిమొనీ మాత్రం దారికి రావడం లేదు, ఎందుకు?

అది వాటి దారిలో నడవదు కాబట్టి. ఆంటిమొనీ, మాలిబ్డినం లాంటివి నీళ్ళలో ఆక్సీఅయాన్లుగా, అంటే ఆక్సిజన్‌తో జతకట్టిన రుణ అయాన్లుగా ఉంటాయి. పీహెచ్ మధ్యస్థానికి వచ్చినప్పుడు సీసం అణిగితే, ఆంటిమొనీ లేస్తుంది. కాల్షియం దండిగా ఉన్నంతకాలం కాల్షియం యాంటిమొనేట్‌గా కట్టుబడి ఉంటుంది. బూడిద గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా మారుతున్న కొద్దీ ఆ పట్టు సడలుతుంది. పైగా జడ వ్యర్థానికి యూరప్ హద్దు కిలోకు 0.06 మి.గ్రా. మాత్రమే, చాలా కఠినం. తాజా నమూనాతో పాటు కొన్ని వారాలు గాలికి ఉంచిన నమూనానూ పరీక్షిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

## బయటికి పంపే దశలో

ఫర్నేసు ఫిల్టర్‌లో మళ్ళీ బూడిద పడుతోంది. దాన్నేం చేయాలి?

అది అన్నిటికన్నా విషపూరితమైన భాగం, అన్నిటికన్నా విలువైన భాగం కూడా. ఆవిరైన జింక్, సీసం, కాడ్మియం అక్కడే గుమిగూడతాయి. జపాన్‌లో ఇలాంటి బూడిదను లోహం తీయడానికి స్మెల్టర్లకు పంపే పద్ధతి ఉంది. అలా పంపే వీలు లేకపోతే ప్రమాదకర వ్యర్థంగానే చూడాలి. కొందరు దీన్ని తిరిగి ఫర్నేసులోకే తోస్తుంటారు. పాదరసం, కాడ్మియం లాంటివి అలా తిరుగుతూ తిరుగుతూ పోగుపడతాయి, చివరికి పొగగొట్టం దాకా వస్తాయి.

మా ఇంటి ముందు రోడ్డుకు ఈ స్లాగ్ వాడుతున్నారు. భయపడాలా?

బాగా కరిగించి గాజుగా మార్చిన స్లాగ్ అయి, నీళ్ళ పరీక్షలో క్రోమియం, ఆంటిమొనీతో సహా పాసయి, పైన తారు పొర ఉంటే నీళ్ళలోకి దిగేది చాలా తక్కువే. అడగాల్సినవి అడగండి: ఎన్ని డిగ్రీలకు కరిగించారు, ఏ బ్యాచ్ నుంచి నమూనా తీశారు, పీహెచ్ ఎంత. వేసేటప్పుడు లేచే దుమ్ము వేరే సంగతి. లీచింగ్ పరీక్ష నీళ్ళ గురించే చెబుతుంది, ఊపిరితిత్తుల గురించి చెప్పదు. తడిపి పనిచేయించమని అడగడం మీ హక్కు.

పాత రోడ్డు తవ్వి తీసిన స్లాగ్‌ను మళ్ళీ వాడొచ్చా?

మళ్ళీ పరీక్ష చేయించాకే. తవ్వి, కొట్టినప్పుడు కొత్త ఉపరితలాలు బయటపడతాయి, పాత రిపోర్టు వాటికి వర్తించదు. ఇన్నేళ్ళలో పీహెచ్ కూడా దిగి ఉంటుంది. ఏ రోడ్డులో ఏ బ్యాచ్ పడిందో రాసిపెట్టిన రికార్డు లేకపోతే, వేర్వేరు చోట్ల నుంచి నమూనాలు తీసి ఒక్కోదాన్ని విడిగా పరీక్షించాలి. అన్నీ కలిపి ఒక్క నమూనా చేస్తే చెడ్డ భాగం సగటులో దాక్కుంటుంది.